ఆ బస్సును గీసింది ‘ఇంటర్నెట్’ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొబైల్ గేముల్లో మన ఆర్టీసీ బస్సులు ఎలా తిరుగుతున్నాయో చెబుతూ మీ యువ పేజీలో వచ్చిన కథనం చదివాం. విషయం బాగానే పట్టుకున్నారు. ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’, ఆడేవాళ్ల నోట బస్సిడ్, ఇండోనేషియాకు చెందిన మాలియో సంస్థ 2017లో విడుదల చేసిన గేము. అందులో రోడ్లు ఇండోనేషియావే. కానీ బయటివాళ్లు చేసిన బండ్లను, రంగులను చేర్చుకోనిస్తుంది కాబట్టి ఆ రోడ్ల మీద పల్లెవెలుగు, సూపర్ లగ్జరీ, గరుడ కూడా హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. మా అభ్యంతరమల్లా కథనం మధ్యలో వేసిన బొమ్మ గురించే. దాని కింద ‘ఫొటో: ఇంటర్నెట్’ అని ఉంది. పక్కనే ఇచ్చిన డౌన్‌లోడ్ లింకేమో ఆ బస్సు చేసినవారిది కాదు, దాన్ని తెచ్చి మళ్లీ ఎక్కించిన వేరే ఛానల్‌ది. ఒక్క పత్రికనే అని లాభం లేదు, మాడింగ్ (గేముకు బయటి నుంచి బండ్లు, రంగులు చేసి చేర్చడం) చేసేవాళ్ల మధ్య తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం. స్థలం చాలకపోతే కుదించుకోండి, సాంకేతిక వివరాలు మాత్రం తీసేయకండి.

గేములో ఒక బస్సు కనిపించాలంటే ముందు ఎవరో ఒకరు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో బాడీ కట్టాలి. అసలు బస్సు ఫొటోలు నాలుగు వైపుల నుంచీ పెట్టుకుని, చక్రాల మధ్య దూరం, కిటికీల వరస, వెనక నిచ్చెన, టాప్ మీద క్యారియర్ అన్నీ కొలత తప్పకుండా చేయాలి. ఫోన్‌లో ఆడేది కాబట్టి పాలిగాన్లు (బాడీని కట్టే చిన్న చిన్న పలకలు) పొదుపుగా వాడాలి, లేకపోతే బస్సు అందంగా ఉంటుంది గానీ గేము ఆగి ఆగి నడుస్తుంది. బాడీ అయ్యాక యూవీ విప్పాలి. అట్టపెట్టెను విప్పి నేల మీద పరిచినట్టు బస్సు ఎడమ, కుడి, ముందు, వెనక, పైకప్పులను ఒకే చదరపు బొమ్మ మీద పరుస్తారు. ఆ పరిచిన తీరే టెంప్లేట్. ఇది సరిగ్గా లేకపోతే పక్కన గీసిన గీత మూల మలుపులో విరిగిపోతుంది, ఒక వైపు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. తర్వాత యూనిటీ అనే గేము తయారీ సాఫ్ట్‌వేర్‌లో చక్రాలు, లైట్లు, తలుపులు, డ్రైవర్ కెమెరా అమర్చి గేము చదవగలిగే వాహన ఫైలుగా మార్చేవారు వేరే ఉంటారు. ఆ ఖాళీ టెంప్లేట్ మీద రంగులు, చారలు, డిపో పేరు, ‘ఎక్స్‌ప్రెస్’ అన్న అక్షరాలు వేసేది లైవరీ చేసేవాళ్లు. వీళ్లలో చాలామంది కంప్యూటర్ కూడా లేకుండా ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్‌తోనో పిక్సార్ట్‌తోనో పని కానిస్తారు. హారన్ శబ్దం రికార్డు చేసేవారు మరొకరు. అంటే మీరు వేసిన ఒక్క బొమ్మలో నలుగురైదుగురి చేతిపని ఉంది. అందరికీ తెలిసేది చివర అప్‌లోడ్ నొక్కినవారి పేరే.

ఇక వీడియోల కింద కనిపించే మంత్రం ఒకటుంది: ‘ఆల్ క్రెడిట్స్ గో టు రియల్ ఓనర్స్’. ఎవరా ఓనర్? ఏ భాగానికి ఓనర్? ఎక్కడ దొరుకుతారు? వాడుకోమన్నారా, వద్దన్నారా? ఒక్కదానికీ జవాబు లేదు. ఫలానావారి సొమ్ము నా దగ్గరుందని ఒప్పుకుంటూనే ఆ ఫలానా ఎవరో చెప్పకపోవడం ఇది. పనికొచ్చే క్రెడిట్‌లో ఐదు సంగతులుండాలి: ఆ పని పేరు, చేసినవారు తమను ఎలా పిలవమన్నారో ఆ పేరు, మొదట పెట్టిన పేజీ లింకు, ఏ షరతు మీద ఇచ్చారు, మీరేం మార్చారు. తమ పనిని ఏ షరతు మీద వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ (పొట్టిగా సీసీ) లైసెన్సులు అడిగేది కూడా దాదాపు ఇదే. ఒక బస్సుకు రాస్తే ఇలా ఉంటుంది:

బాడీ మోడల్: ఫలానా హ్యాండిల్ (ఆన్‌లైన్ పేరు), అసలు పేజీ లింకు, సీసీ బై 4.0 (పేరు వేసి వాడుకోవచ్చు). మార్పు: పాలిగాన్లు తగ్గించాం, అద్దాలు మార్చాం.
గేములోకి మార్పిడి: ఫలానా హ్యాండిల్, లింకు, మెసేజ్‌లో అనుమతి, తేదీ.
టెంప్లేట్: ఫలానా హ్యాండిల్, లింకు, ‘డబ్బు తీసుకోకుండా అయితే వాడుకోండి’. మార్పు లేదు.
లైవరీ: మాది. అక్షరాలకు వాడిన ఫాంట్: రామభద్ర, ఓపెన్ ఫాంట్ లైసెన్స్.
హారన్: ఫలానా హ్యాండిల్, లింకు, అనుమతి తేదీ.

ఈ నాలుగైదు వరసలు పని అంతా అయ్యాక రాద్దామనుకుంటే కుదరదు. అప్పటికి డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో ‘న్యూ ఫైనల్ 2’ లాంటి పేర్లతో ఫైళ్లు కలగాపులగమై ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఏ ఫైలు దించుకున్నా ఆ నిమిషమే దానికో ఫోల్డర్ చేసి, లింకును ఒక టెక్స్ట్ ఫైలులో అతికించి, లైసెన్స్ కనిపించే పేజీని స్క్రీన్‌షాట్ తీసి అందులోనే పెట్టాలి. స్క్రీన్‌షాట్ ఎందుకంటే, పేజీలు మాయమవుతాయి, షరతులు మారతాయి. క్రియేటివ్ కామన్స్ కింద ఒకసారి తీసుకున్నదాన్ని, షరతులు పాటిస్తున్నంత కాలం, తర్వాత వెనక్కి లాక్కోలేరు. కానీ తీసుకున్న రోజున ఆ లైసెన్స్ ఉండేదని చూపించాల్సింది మీరే. బ్లెండర్ వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఒక వస్తువును అసెట్‌గా గుర్తిస్తే రచయిత, లైసెన్స్ రాసుకునే గడులు ఆ ఫైలులోనే ఉంటాయి. ఎవరూ నింపరు, అదే విచారం.

రాసిన క్రెడిట్ దారిలో ఎలా పోతుందో కూడా చెప్పాలి. లైవరీ అంటే ఒక పీఎన్‌జీ బొమ్మ. దాన్ని వాట్సాప్ గ్రూపులో మామూలు ఫొటోలా పంపితే జేపీజీగా కుదించుకుపోతుంది. అక్షరాల అంచులు మసకబారతాయి, ఖాళీగా ఉండాల్సిన అద్దాల చోటు నిండిపోతుంది, ఫైలు లోపల దాచిన రచయిత వివరాలు కూడా ఊడిపోతాయి. అదే బొమ్మను ‘డాక్యుమెంట్’గా పంపితే ఏమీ కాదు. యూట్యూబ్ వివరణలో రాసిన పేర్లు అక్కడే ఉండిపోతాయి, జిప్ మాత్రం చేతులు మారుతూ ఊళ్లు తిరుగుతుంది. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను వీడియో మధ్యలో చెప్పే అలవాటు ఒకటుంది. వ్యూస్ కోసమే అనుకోండి. దానివల్ల లోపలున్న క్రెడిట్ ఫైలును తెరవకముందు ఎవరూ చూడలేరు. తెరిచినవాడు తన పాస్‌వర్డ్‌తో మళ్లీ కట్టేటప్పుడు ఆ ఫైలే ముందు ఎగిరిపోతుంది. కాబట్టి క్రెడిట్ మూడు చోట్ల ఉండాలి: జిప్ లోపల, వీడియో వివరణలో ‘మోర్’ నొక్కకుండానే కనిపించే మొదటి రెండు వరసల్లో, బస్సు బొమ్మ మీద.

బస్సు బొమ్మ మీద అన్నప్పుడు చోటు చూసుకోవాలి. చాలామంది వాటర్‌మార్క్‌ను టెంప్లేట్ మూలన ఖాళీగా ఉన్న చోట వేస్తారు. ఆ మూల బస్సులో ఏ భాగానికీ అంటుకోదు. తుడిచేసినా గేములో తేడా తెలియదు, ఎత్తుకెళ్లేవాడికి పది సెకన్ల పని. అదే హ్యాండిల్‌ను వెనక అద్దం మీద స్టిక్కర్‌లాగానో, మడ్‌గార్డ్ పైన బాడీ బిల్డర్ పేరు రాసే చోటో, చారల రంగు దాని కిందుగా పోయేలా వేస్తే తుడిచినచోట మచ్చ మిగులుతుంది. మళ్లీ గీయడం వచ్చినవాడైతే అదీ కప్పేస్తాడు. అసలు రుజువు లేయర్లున్న మూల ఫైలు, మొదట పెట్టిన తేదీ. ఫొటోషాప్ పీఎస్‌డీనో పిక్సెల్‌ల్యాబ్ ప్రాజెక్టునో బయట పెట్టకుండా దాచుకున్నవాళ్లకు తగాదాలో ఎక్కువ మాట్లాడాల్సిన పని ఉండదు.

క్రెడిట్ ఇచ్చాం కదా అని అనుమతి వచ్చేసినట్టు కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వేరే గేములోంచి మోడల్ పీకి తెచ్చి, దాని కంపెనీ పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది ఇచ్చిన మోడల్ అయిపోదు. పీకినవారి పేరు రాయడం మరీ విడ్డూరం, ఇవ్వడానికి ఆయనకే హక్కు లేదు. లైసెన్స్ ఏదీ రాయలేదంటే ‘అందరిదీ’ అని అర్థం కాదు, ‘అడగాలి’ అని అర్థం. అడగడం కష్టమేమీ కాదు. ‘అన్నా, మీ సూపర్ లగ్జరీ టెంప్లేట్ మీద వరంగల్ డిపో లైవరీ వేశాను. టెంప్లేట్ ఏమీ మార్చలేదు. మీ హ్యాండిల్, మీ పేజీ లింకు పైనే ఇస్తాను. యాడ్ లింకులు పెట్టను. ఆదివారం పెడదామనుకుంటున్నా, పర్లేదా?’ అని రాస్తే చాలు. ఏది, ఏం మార్చారు, ఎప్పుడు పెడతారు, డబ్బు వస్తుందా రాదా అన్న నాలుగూ అందులో వచ్చేశాయి. ‘బ్రో మీ మోడ్ యూజ్ చేసుకోవచ్చా’ అంటే అవతలివారు దేనికి ఊ కొట్టాలి? జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క. వచ్చిన ‘ఊ’ను స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోల్డర్‌లో వేయాలి.

లైసెన్సుల్లో మాడర్లకు తగిలే ముళ్లు రెండున్నాయి. ఎన్‌డీ అని ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. మాడింగ్ అంటేనే మార్చడం కాబట్టి అలాంటి మోడల్ ఎంత బాగున్నా వదిలేయాల్సిందే. రెండోది కలిపేటప్పటి చిక్కు. ఎస్‌ఏ అంటే మీరు మార్చి చేసిన పనినీ అదే షరతు మీద ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి కాదు. ఒక సీసీ బై-ఎస్‌ఏ బొమ్మను, ఒక సీసీ బై-ఎన్‌సీ బొమ్మను కలిపి ఒకే టెక్స్చర్‌గా (మోడల్ మీద అతికే బొమ్మగా) చేస్తే దాన్ని ఏ షరతు మీదా పంచలేరు. మొదటిది వ్యాపారానికి కూడా వదలమంటుంది, రెండోది వద్దంటుంది. ఇద్దరి పేర్లూ వేశాం కదా అంటే సరిపోదు, ఇద్దరిలో ఒకరిని ప్రత్యేకంగా అడగాలి. ఎన్‌సీ మోడల్‌కు యాడ్లు చూపించే షార్ట్ లింకు తగిలిస్తే తగాదా కొని తెచ్చుకున్నట్టే. ఈమధ్య ఏఐతో బొమ్మను పెద్దది చేసి, పదును పెట్టి సొంతమనే ధోరణి కూడా మొదలైంది. పెద్దది చేసినా గీసినవారు మారరు, ‘మార్పు’ వరసలో ఒక మాట పెరుగుతుంది అంతే. టీఎస్‌ఆర్టీసీ 2024లో టీజీఎస్‌ఆర్టీసీ అయింది కదా, పాత లైవరీలో ఒక్క అక్షరం చేర్చినంత మాత్రాన అదీ కొత్త లైవరీ అయిపోదు. ఆ మాటకొస్తే సంస్థల లోగోలు మాడర్లలో ఎవరి సొత్తూ కావు. సరదాగా వేసుకోవడం ఒక ఎత్తు, వాటిని వేసి అమ్మడం ఇంకో ఎత్తు.

బస్సు మీద తెలుగు రాసేవాళ్లకు ఒక శుభవార్త ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. ఎన్టీఆర్, రామభద్ర, మండలి వంటి ఫాంట్లను సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదల చేసింది. గూగుల్ ఫాంట్స్‌లోనూ దొరుకుతాయి. వాటితో రాసి బొమ్మగా మార్చిన అక్షరాలకు క్రెడిట్ ఇవ్వడం తప్పనిసరి కూడా కాదు, ఇస్తే మర్యాద. కానీ లైవరీ కిట్‌లో ఫాంట్ ఫైలును కూడా కలిపి ఇస్తుంటే దాని లైసెన్స్ టెక్స్ట్ ఫైలు పక్కనే ఉండాలి, ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు. డీటీపీ సెంటర్లో కాపీ కొట్టించుకున్న కమర్షియల్ ఫాంట్‌ను కిట్‌లో పడేయడం వేరే కథ. అది మాడింగ్ తగాదా కూడా కాదు, నేరుగా ఫాంట్ కంపెనీతో తగాదా.

బోలెడంత మంది కలిసి చేసిన పనిలో క్రెడిట్ అసాధ్యమని కొందరంటారు. 2012లో ఓపెన్‌గేమ్‌ఆర్ట్, క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కలిసి లిబరేటెడ్ పిక్సెల్ కప్ అనే గేము బొమ్మల పోటీ పెట్టాయి. ఆ తీరులో వచ్చిన బొమ్మల్లో ఒంటికి ఒకరు, జుట్టుకు ఒకరు, చొక్కాకు ఒకరు, కత్తికి మరొకరు గీసి ఉంటారు. వాటిని కలిపి మనకు కావలసిన పాత్రను తయారు చేసిచ్చే పనిముట్టు ఒకటుంది. మీరు ఏ జుట్టు, ఏ చొక్కా ఎంచుకున్నారో చూసి, ఆ ముక్కలు గీసినవారి పేర్లు, లైసెన్సులు, లింకులతో క్రెడిట్ ఫైలు కూడా అదే ఇస్తుంది. ఒక్క చిన్న బొమ్మకు పదిమంది పేర్లు రావచ్చు. చిన్నతనంగా ఎవరూ అనుకోరు. బస్సుకు ఐదు పేర్లు రాయలేమనడం ఒళ్లు బరువు మాట.

షరతులు ముందే రాసుకోకపోతే ఏమవుతుందో పెద్ద గేముల చరిత్రలో ఉంది. 2015 ఏప్రిల్ 23న స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో స్కైరిమ్ గేము మాడ్లను అమ్ముకోనిచ్చారు. చేసినవారి వాటా 25 శాతం. మొదటి విడతలోని ఒక మాడ్‌లో వాడిన యానిమేషన్ పని చేసినవారి అనుమతి విషయంలో గొడవ లేచి దాన్ని అమ్మకం నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆటగాళ్ల వ్యతిరేకతతో ఏప్రిల్ 27కల్లా పథకమే ఎత్తేశారు. ఉచితంగా ఇచ్చినప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలు, రూపాయి కనిపించగానే అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. 2021 జులైలో మాడ్లు పంచుకునే సైటు నెక్సస్ మాడ్స్ మరో పని చేసింది. మాడ్లను కలెక్షన్లుగా కట్టి ఇచ్చే పద్ధతి కోసం, చేసినవారు తమ ఫైళ్లను పూర్తిగా తొలగించే వీలు తీసేసి ఆర్కైవ్‌లో ఉంచుతామంది. ఇష్టం లేనివాళ్లు తీసేసుకోవడానికి దాదాపు నెల గడువిచ్చింది. కొందరు వెళ్లిపోయారు. ఎక్కడ అప్‌లోడ్ చేస్తున్నామో అక్కడి నిబంధన ‘పెట్టింది మళ్లీ తీసుకోవచ్చా’ అన్నదానికి ఏం చెబుతుందో మొదటి రోజే చదువుకోవాలని తెలిసొచ్చింది అప్పుడే.

మన చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, గీసిన క్షణమే వస్తుంది. 57వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. హక్కులు అమ్ముకున్నా సరే, ‘ఇది నేను చేశాను’ అని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా మార్చితే అడ్డుకునే హక్కు కళాకారుడికే ఉంటాయి. విజ్ఞాన్ భవన్‌లోని తన కుడ్యశిల్పాన్ని పీకేసి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ఈ సెక్షన్ మీదే ఆయన పక్షాన తీర్పిచ్చింది. బస్సు లైవరీకి కోర్టు దాకా పోవాలని ఎవరూ అనరు. పోయే దారి వరస మాత్రం తెలిసుండాలి. ముందు మెసేజ్ చేయాలి, లింకు, మీ మొదటి అప్‌లోడ్ తేదీ, ఏం కావాలో (పేరు చేర్చాలా, తీసేయాలా) రాయాలి. క్రియేటివ్ కామన్స్ 4.0 లైసెన్సుల్లో ఉల్లంఘన తెలిసిన 30 రోజుల్లో సరిచేసుకుంటే రద్దయిన హక్కు తిరిగి వస్తుంది, కాబట్టి ఆ గడువివ్వడంలో తప్పులేదు. వినకపోతే యూట్యూబ్ ఫారంలో తొలగింపును 7 రోజుల తర్వాతకు పెట్టే వీలుంది. ఆలోగా వాళ్లే తీసేస్తే స్ట్రైక్ (ఛానల్ మీద కాపీరైట్ మచ్చ) పడదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది, అవతల ఉన్నది చాలాసార్లు ఇంటర్ చదివే కుర్రాడే. అలాగని మీది కాని పనికి కోపంతో స్ట్రైక్ వేయడం అంతకన్నా ప్రమాదం, తప్పుడు ఫిర్యాదుకు బాధ్యత వేసినవారిదే. కోపం పట్టలేక వాహన ఫైలుకు తాళం వేసేవాళ్లున్నారు. తాళం దొంగను కొన్నాళ్లు ఆపుతుంది. గేము వెర్షన్ మారి చక్రాలు నేలలోకి దిగిపోయినప్పుడు బాగుచేద్దామనుకునే మంచివాడిని ఎప్పటికీ ఆపుతుంది.

ఇక పత్రికకు మా విన్నపం. మాడ్ బొమ్మ వేసేటప్పుడు బాడీ చేసినవారిది, లైవరీ చేసినవారిది కనీసం రెండు హ్యాండిల్స్ బొమ్మ కిందే వేయండి. లింకు ఇస్తే మొదట పెట్టిన పేజీది ఇవ్వండి. ఏది మొదటిదో తెలుసుకోవడానికి అప్‌లోడ్ తేదీ చూస్తే సగం తేలుతుంది. వీడియో కింద వ్యాఖ్యల్లో ‘ఇది ఫలానా అన్నది’ అన్న గొడవ చదివితే మిగతా సగం తేలుతుంది. హ్యాండిల్ ఉన్నచోట అసలు పేరు, కాలేజీ పేరు అడగకుండా వేయకండి. వీళ్లలో పద్దెనిమిది నిండనివాళ్లు చాలామంది ఉన్నారు, ఇంట్లో తెలియకుండా చేసేవాళ్లూ ఉన్నారు. ఎంత వెతికినా చేసినవారు దొరక్కపోతే ఆ బొమ్మ వదిలేసి, దొరికినవారి బొమ్మ అడిగి వేసుకోండి. మాడర్లకూ అదే మాట చెబుతాం. మూడేళ్ల కింద ఛానల్ మూసేసి వెళ్లిపోయినవారి టెంప్లేట్ మీద లైవరీ వేసి మీ దగ్గర ఉంచుకోవచ్చు, ఆడుకోవచ్చు. పంచాలనుకుంటే మాత్రం ఆ బస్సుకు ఖాళీ టెంప్లేట్ మళ్లీ గీసుకోవడం మేలు. యూవీ విప్పడం వచ్చినవారికి అది రెండు సాయంత్రాల పని.

ఇట్లు,
బస్ గేముల మాడింగ్‌లో ఉన్న కొందరు పాఠకులు,
విజయవాడ, ఖమ్మం